గద ఒకరిది, గేటు ఒకరిది

కుస్తీ - కాసులు : తొమ్మిదో భాగం

1928 జనవరి. పటియాలాలో గోదా చుట్టూ ఇసక వేస్తే రాలనంత జనం. ఒక పక్క గామా. వయసు యాభైకి దగ్గర పడింది. ఇంకో పక్క పోలండ్‌లో పుట్టి అమెరికాలో పేరు గడించిన స్టానిస్లాస్ జిబిస్కో. ఆయనదీ ఇంచుమించు అదే ఈడు. పద్దెనిమిదేళ్ల కిందట లండన్‌లో తేలకుండా మిగిలిపోయిన కుస్తీని తేల్చుకోవడానికి ఇద్దరూ దిగారు. చేతులు కలిశాయి. నిమిషం తిరక్కుండానే జిబిస్కో వీపు మట్టికి అంటింది. ముందురోజే బండి కట్టుకుని బయల్దేరిన రైతు ఎవరైనా సరిగ్గా అప్పుడే తలపాగా సర్దుకుని ఉంటే, పాపం, అతను చూసింది ఏమీ లేనట్టే.

పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ గామాకు వెండి గద బహూకరించాడు. జిబిస్కో ఓడిపోయి ఓడెక్కాడు. గెలిచినవాడు కలవాడయ్యాడనీ, ఓడినవాడు చితికిపోయాడనీ అనుకుంటాం. జరిగింది దాదాపు తలకిందులు. పట్ల గురించి, బలాల గురించి ఈ ధారావాహికలో ఇప్పటికే చాలా చెప్పుకున్నాం. ఈ వారం ఈ ఇద్దరి జమాఖర్చులు చూద్దాం.

రాజుగారి బాదంపప్పు

గామా అసలు పేరు గులాం మహమ్మద్ బక్ష్. పంజాబులో పహిల్వాన్ల ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే తాత చేరదీశాడు, ఆ తాత కూడా పోయాక మామ ఈదా పహిల్వాన్ చేతుల్లో పెరిగాడు. 1888లో జోధ్‌పూర్‌లో ఒక దేహదారుఢ్య పోటీ జరిగింది. నాలుగు వందల మందికి పైగా పహిల్వాన్లు వచ్చారు. చివరికి నిలిచిన పదిహేను మందిలో ఒకడు పదేళ్ల పిల్లవాడు. ఆ చిన్న వయసు చూసి జోధ్‌పూర్ మహారాజు అతణ్నే విజేత అన్నాడు. అప్పటినుంచి దతియా రాజు ఆ పిల్లవాడి పోషణ చూసుకున్నాడు.

ఈ 'పోషణ' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పహిల్వాన్ రోజంతా దండీలు, బైఠకీలు తీస్తాడు, సాయంత్రం గోదాలో మట్టి తవ్వి పట్లు పడతాడు. వేరే పని చేసే తీరిక ఉండదు, చేస్తే ఒళ్లు నిలవదు. పైగా తిండి ఖర్చు చూస్తే గుండె గుభేలుమంటుంది. పాలు, నెయ్యి, బాదంపప్పు, యఖ్నీ అనే మాంసపు చారు. నలుగురు పిల్లలున్న రైతు ఇంట్లో ఒక పహిల్వాన్ తయారైతే మిగతా ముగ్గురూ పస్తులుండాలి. అందుకే పహిల్వాన్‌ను పోషించడం ఏనుగును పోషించడం లాంటిదయింది. సంస్థానానికి అదొక హోదా. ఆస్థానంలో గవాయి ఉన్నాడు, పట్టపుటేనుగు ఉంది, ఫలానా పహిల్వాన్ ఉన్నాడు అని చెప్పుకోవడానికి.

ఈ ఏర్పాటులో పహిల్వాన్‌కు ముట్టేవి మూడు: తిండి, భత్యం, గెలిచిన రోజున నజరానా. మూడూ రాజుగారి దయ మీద ఆధారపడినవే. చూడటానికి జనం వస్తే రాజుకు కీర్తి, పహిల్వాన్‌కు తలపాగా. వచ్చినవాళ్ల సంఖ్యకూ అతని రాబడికీ సంబంధం లేదు. పదివేల మంది చూసినా పదిమంది చూసినా అదే గ్లాసు పాలు. రాజు బాగున్నన్నాళ్లు చీకూచింతా ఉండదు. రాజు పోతే ఏమిటన్న ఆలోచన ఆ రోజుల్లో ఎవరికి వచ్చి ఉంటుంది?

మన వీరఘట్టం బిడ్డ కోడి రామ్మూర్తి నాయుడు దారి వేరని రెండు భాగాల కిందట చెప్పుకున్నాం. ఆయన సర్కసు డేరా వేశాడు. గుమ్మంలో టికెట్ తెగిన ప్రతిసారీ ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుందో ఆయనకు తెలుసు. ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం జనానికి గుర్తుండిపోయింది కానీ, నా మట్టుకు నాకు ఆ డేరాయే పెద్ద సాహసంగా కనిపిస్తుంది.

లండన్‌లో గడియారం విలువ

ఇప్పుడు లండన్ వెళ్దాం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ కుస్తీకి వేదిక మ్యూజిక్ హాలు. పాట, హాస్యం, గారడీ, మధ్యలో ఒక మల్లుడు. అతను వేదిక మీదికి వచ్చి, నా ముందు ఇన్ని నిమిషాలు నిలబడినవాడికి ఇన్ని పౌండ్లు ఇస్తానని సవాలు విసురుతాడు. 1902లో అల్హంబ్రా హాల్లో జాక్ కార్కీక్ అనే ఆయన ఇలాగే సవాలు విసిరితే, ప్రేక్షకుల్లోంచి ఒక యువకుడు లేచి నేనొస్తానన్నాడు. అతను జార్జ్ హాకెన్‌ష్మిట్, అప్పటికే ఐరోపాలో పేరుమోసిన మల్లుడు. కార్కీక్ వెనక్కి తగ్గాడు. మర్నాటికి హాకెన్‌ష్మిట్ పేరు లండన్‌లో మోగిపోయింది.

హాకెన్‌ష్మిట్‌ను నిజంగా సంపాదనాపరుణ్ని చేసింది మాత్రం సి. బి. కాక్రన్ అనే నాటకాల నిర్వాహకుడు. ఈ బలశాలితో ఒక చిక్కుండేది. ఎవణ్నయినా క్షణాల్లో పడగొట్టేసేవాడు. డబ్బిచ్చి కూర్చున్నవాడికి అది నచ్చుతుందా? కాక్రన్ ఆయనకు ఓపిక నేర్పాడు. కొంచెం సాగదీయి, ఎదుటివాణ్ని కాసేపు నిలబడనీయి, జనాన్ని కుర్చీ అంచున కూర్చోబెట్టు అని. గోదాలో క్షణాల్లో గెలవడం గొప్ప. హాల్లో క్షణాల్లో గెలవడం నష్టం. వృత్తి కుస్తీ చరిత్రంతా ఈ రెండు వాక్యాల మధ్యే నడిచిందంటే నమ్మండి.

1910లో గామా, తమ్ముడు ఇమాం బక్ష్, మరి కొందరు పహిల్వాన్లు లండన్ చేరారు. ఖర్చు పెట్టుకున్నది శరత్ కుమార్ మిత్రా అనే బెంగాలీ ధనవంతుడు. అక్కడ వ్యవహారం నడిపింది ఆర్. బి. బెంజమిన్ అనే నిర్వాహకుడు. అయిదు నిమిషాల్లో మేం పడగొట్టలేకపోతే అయిదు పౌండ్లు ఇస్తామని ప్రకటన వేశారు. ఆగస్టులో అమెరికన్ మల్లుడు బెంజమిన్ రోలర్‌తో కుస్తీ. ఈయన చదువుకున్న వైద్యుడు కూడా. గామా ఆయన్ని రెండు సార్లు చిత్తు చేశాడు, మొదటిసారి రెండు నిమిషాల్లోపే. కాక్రన్ చూసి ఉంటే తల పట్టుకునేవాడు.

సెప్టెంబర్ 10న జిబిస్కో వంతు వచ్చింది. 250 పౌండ్ల పందెం, జాన్‌బుల్ బెల్టు. జిబిస్కో గామా కంటే బాగా బరువైనవాడు. కొంచెంసేపటికే ఆయనకు ఎదుటివాడి సత్తా అర్థమైంది. బోర్లా పడుకున్నాడు. అలా రెండున్నర గంటలకు పైగా నేలను కరచుకుని ఉండిపోయాడు. గామా ఎంత లాగినా తిరగలేదు. చీకటి పడింది, కుస్తీ తేలలేదన్నారు. వారం తర్వాత 17న మళ్లీ పెడితే జిబిస్కో రానే లేదు. పందెం డబ్బు, బెల్టు గామాకు ఇచ్చేశారు.

పత్రికలు జిబిస్కోను చీల్చి చెండాడాయి. నాకు మాత్రం ఆయన లెక్క కొంత అర్థమవుతుంది. అదే ఏడాది జూన్‌లో షికాగోలో ఫ్రాంక్ గాచ్ అనే అమెరికన్ ఛాంపియన్ ఆయన్ని చేయి కలుపుతుండగానే దూకి, ఆరు సెకన్లలో పడేశాడు. మూడు నెలల్లో రెండోసారి చిత్తయితే మర్నాడు పిలిచేవాడుండడు. పిరికివాడన్న పేరు వస్తే కొన్నాళ్లకు మాసిపోతుంది. చిత్తయినవాడన్న పేరు మల్లుడి ధరనే తెగ్గోస్తుంది. నేల మీద పడుకున్న ఆ రెండున్నర గంటలూ జిబిస్కో తన ధరను పొట్ట కింద పెట్టుకుని కాపాడుకున్నాడు.

గామా ఇంటికి వచ్చాడు. బెల్టు వచ్చింది, పేరు వచ్చింది. ఆ తర్వాత గాచ్ గానీ హాకెన్‌ష్మిట్ గానీ గామాతో తలపడలేదు. 1911 సెప్టెంబర్‌లో షికాగో బేస్‌బాల్ మైదానంలో ఆ ఇద్దరూ తలపడితే గేటు వసూలు 87,000 డాలర్లు. అప్పటివరకూ కుస్తీకి అంత డబ్బు రాలేదు. గాచ్ ఆ రాబడిని అయోవాలో తన ఊరు హంబోల్ట్ దగ్గర భూముల్లో పెట్టాడు. ప్రపంచంలో అందరికన్నా బలవంతుడు గామాయే అనుకున్నా, ఆ గేటుకు ఆయన ఏడు సముద్రాల అవతల ఉన్నాడు.

బెల్టు అంటే సరుకు

తర్వాతి పదిహేనేళ్లలో అమెరికాలో ఆట స్వరూపమే మారింది. ఎడ్ లూయిస్ అనే ఛాంపియన్, అతని మేనేజర్ బిల్లీ శాండో, టూట్స్ మాంట్ అనే తెలివైన మల్లుడు కలిసి ఒక జట్టు కట్టారు. గంటల తరబడి పట్టులో బిగుసుకుపోయే కుస్తీని పొట్టిగా, చురుగ్గా, దెబ్బలాటలా మార్చారు. మల్లుల్ని తమ కింద పెట్టుకుని ఊరూరా తిప్పారు. ఎవరు ఎప్పుడు గెలవాలో ముందే నిర్ణయించారు. ఎదుటి ఊళ్లో గేటు పెరగాలంటే అక్కడ ఎవడు గెలిస్తే బాగుంటుందో చూసి గెలిపించేవారు. కుస్తీ బూటకమైపోయిందని బాధపడేవాళ్లు ఇక్కణ్నుంచే మొదలుపెడతారు. వర్తకం దృష్టితో చూస్తే, ఛాంపియన్ బెల్టు అప్పుడే ఒక సరుకుగా మారింది. ఎవరి గోదాములో ఉంటే వాళ్లకు లాభం.

1925 జనవరిలో ఈ ముగ్గురూ బెల్టును వేన్ మన్ అనే భారీ మనిషికి అప్పగించారు. అతను ఫుట్‌బాల్ ఆటగాడు. కుస్తీ అంతంతమాత్రం. అయితేనేం, ఒడ్డూపొడుగూ చూడ్డానికే జనం వచ్చేవారు. ఏప్రిల్ 15న ఫిలడెల్ఫియాలో అతనికి ఎదురుగా నిలిచింది మన జిబిస్కో. వయసు మళ్లినవాడు, చెప్పిన ప్రకారం ఓడిపోయి డబ్బు తీసుకుని వెళ్లాలి. అది మాట.

జిబిస్కో గోదాలో దిగి ఆ కుర్రాణ్ని మళ్లీ మళ్లీ చిత్తు చేశాడు. రిఫరీ ఏం చేయగలడు? అంతమంది ముందు బెల్టు చేతులు మారింది. పోటీ వర్తకులు జిబిస్కోను అంతకుముందే తమవైపు తిప్పుకున్నారు. ఆ మే నెల 30న సెయింట్ లూయిస్‌లో అదే బెల్టును వాళ్ల మనిషి జో స్టెకర్ చేతిలో ఓడిపోయి అప్పగించాడు. నెలన్నరలో ప్రపంచ ఛాంపియన్ అయి, దిగిపోయి, కూలి పుచ్చుకుని వెళ్లాడు.

ఇది ద్రోహమా? శాండో దృష్టిలో పచ్చి ద్రోహం. నాకు మాత్రం, వాళ్లు కట్టిన దుకాణంలో నిజమైన కుస్తీ తెలిసినవాడు ఒక్కడు దూరితే ఏమవుతుందో చూపించినట్టుంది. లండన్‌లో పడుకుని ధర కాపాడుకున్న మనిషి, పదిహేనేళ్ల తర్వాత లేచి నిలబడి ధర వసూలు చేసుకున్నాడు.

ఈయన తన పేరు విషయంలోనూ గట్టివాడే. అసలు పేరు స్టానిస్లావ్ సిగానియేవిచ్. జిబిస్కో అన్నది ఒక పోలిష్ నవలలో వీరుడి పేరు. న్యూయార్క్ పత్రిక ఒకటి పరిణామ సిద్ధాంతం మీద వ్యాసం వేస్తూ గొరిల్లా బొమ్మ పక్కన ఈయన ఫొటో వేసింది. శరీరంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదన్నట్టు కింద రాసింది. ఆయన కోర్టుకెక్కాడు. 1930లో అప్పీలు కోర్టు ఆయన దావా చెల్లుతుందని తేల్చింది. ఆ కాలం మల్లుల్లో తన ఫొటోకు విలువ కట్టమని జడ్జిని అడిగినవాళ్లు ఎందరుంటారు?

మళ్లీ పటియాలా, ఆ తర్వాత లాహోర్

ఇప్పుడు 1928 పటియాలాను మరోసారి చూడండి. జిబిస్కోకు పోగొట్టుకునేది పెద్దగా లేదు. అమెరికాలో ఆయన శిఖరాలన్నీ వెనకబడ్డాయి. గామాకు మాత్రం అది జీవితకాలపు ముగింపు. వెండి గదతో పాటు మహారాజు భత్యమూ భూమీ ఇచ్చాడని గామా జీవితం రాసినవాళ్లు చెబుతారు. రాజు ఉన్నాడు, సంస్థానం ఉంది, ఇక చింతేముంది?

పంతొమ్మిదేళ్లకు దేశం రెండుగా చీలింది. గామా లాహోర్‌లో ఉండిపోయాడు. పటియాలా ఇటు, లాహోర్ అటు. దతియా, పటియాలా లాంటి సంస్థానాలన్నీ కొద్ది నెలల్లోనే భారత్‌లో కలిసిపోయాయి. ఆనాటి అల్లర్లలో గామా తన వీధి హిందువులకు అడ్డం నిలబడి కాపాడాడని లాహోర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి మనిషికి పోషణ ఎవరు చూడాలి? దర్బారు అన్న సంస్థే మాయమైపోయింది. గోదా ఉంది, శిష్యులున్నారు, బాదంపప్పుకు డబ్బు లేదు. ఆరోగ్యం చెడింది. చివరికి సరిహద్దు ఇవతలి నుంచి పారిశ్రామికవేత్త జి. డి. బిర్లా 2,000 రూపాయలు పంపి, నెలకు 300 రూపాయల చొప్పున భత్యం ఏర్పాటు చేశాడు. 1960 మే 23న గామా కన్నుమూశాడు.

ఆ సమయానికి జిబిస్కో అమెరికాలోని మిస్సోరీలో తమ్ముడు వ్లాడెక్‌తో కలిసి సొంత పొలంలో ఉంటున్నాడు. పొలం పనికి వచ్చిన ఒక కుర్రాడికి అన్నదమ్ములిద్దరూ కుస్తీ నేర్పారు. అతనే తర్వాత అనేకసార్లు ప్రపంచ ఛాంపియనైన హార్లీ రేస్. మధ్యలో 1950లో 'నైట్ అండ్ ద సిటీ' అనే సినిమాలో జిబిస్కో ముఖ్యమైన వేషం వేశాడు. బూటకపు కుస్తీని అసహ్యించుకునే ముసలి మల్లుడి పాత్ర. ఫిలడెల్ఫియా సంగతి తెలిసినవాళ్లు ఆ సినిమా చూస్తూ ఎంత నవ్వుకుని ఉంటారో. 1967లో ఆయన పోయాడు.

ఇక్కడొక మాట చెప్పకపోతే లెక్క తప్పవుతుంది. అమెరికాలో కుస్తీ పట్టిన ప్రతివాడూ పొలం కొనుక్కోలేదు. బెల్టులను ఆడించిన ఎడ్ లూయిస్ లక్షల డాలర్లు సంపాదించాడు. ట్రకోమా అనే కంటి వ్యాధి ఆయన చూపు తీసేసింది. 1966లో చనిపోయేనాటికి చేతిలో చిల్లిగవ్వ లేని పరిస్థితి. గేటు చేతిలో ఉన్నవాడు కూడా గల్లాపెట్టెకు అడుగు వేసుకోకపోతే అంతే.

ధర్ముచక్ కుర్రాడు

గామా కథ విని పాఠం నేర్చుకున్నాడో, తనకే తోచిందో గానీ, ఆయన ప్రాంతంవాడే ఒకడు వేరే దారి పట్టాడు. అమృత్‌సర్ జిల్లా ధర్ముచక్‌లో 1928లో పుట్టిన దారాసింగ్. పటియాలా కుస్తీ జరిగిన ఏడాదే. 1947లో సింగపూర్ వెళ్లి డ్రమ్ములు చేసే మిల్లులో పని చేస్తూ గ్రేట్ వరల్డ్ అనే వినోదాల పార్కులో కుస్తీ నేర్చాడు. అక్కడ రాజులు లేరు. టికెట్ కొన్న కూలీలు, నావికులు, దుకాణదారులు ఉన్నారు. వాళ్లకు ఏం కావాలో తెలుసుకున్నాడు. సుమారు రెండు వందల కిలోల కింగ్‌కాంగ్‌తో దారాసింగ్ కుస్తీ అంటే మా పెద్దవాళ్లు పనులు మానుకుని మరీ పేపర్లో చదివేవారట.

దారాసింగ్ తెలివి గోదా బయట కనిపిస్తుంది. ఒళ్లు సహకరించినంతకాలమే మల్లుడికి కూలి. ఆ ఒంటినే కెమెరా ముందు పెడితే? 1962లో 'కింగ్ కాంగ్', మరుసటేడు 'ఫౌలాద్'. పదహారు సినిమాల్లో ముంతాజ్ ఆయనకు జోడీ. సినిమాకు నాలుగు లక్షల దాకా తీసుకునేవాడని అప్పటి మాట. 1968లో బొంబాయిలో లూ థెజ్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అనిపించుకునేనాటికే ఆయనకు రెండో వృత్తి స్థిరపడింది. ఇంతటితో ఆగినా గొప్పే. ఆయన 1970లో దర్శకుడయ్యాడు. 1978లో మొహాలీలో సొంత స్టూడియో పెట్టాడు. ఇక ఎవరో తీసే సినిమాకు కూడా అద్దె ఆయనకే వచ్చేది. 1983లో కుస్తీ మానేశాక 'రామాయణ్' సీరియల్‌లో హనుమంతుడై మన ఇళ్లలోకే వచ్చి కూర్చున్నాడు. ఆ ఆదివారం ఉదయాలు గుర్తున్నవాళ్లకు నేను చెప్పేదేముంది.

వెండి గదకు, అట్ట గదకు తేడా ఇదే. రాజు ఇచ్చిన గద గోడకు వేలాడింది. సీరియల్‌వాళ్లు ఇచ్చిన గద అన్నం పెట్టింది.

ఒక్క విషయంలో దారాసింగ్‌కు కూడా పైసా రాలేదు. మన ఊళ్లలో కాస్త జబ్బలు చూపించినవాణ్ని చూసి 'వీడో పెద్ద దారాసింగ్' అంటాం. ఆ పేరు తెలుగులో మామూలు నామవాచకమైపోయింది. ఎంతమంది వాడుకున్నా ఎవరూ రుసుం కట్టలేదు. అమెరికాలో పేరుకూ, గొంతుకూ, వీడియో క్యాసెట్‌కూ రుసుం అడిగిన మల్లులున్నారు. జెస్సీ వెంచురా అనే మల్లుడు తన కంపెనీ మీదే కేసు వేసి ఎనిమిది లక్షల డాలర్లకు పైగా గెలిచాడు. 'ది రాక్' డ్వేన్ జాన్సన్ 2024 జనవరిలో ఆ పేరు మీద హక్కులు తన చేతికి తెచ్చుకున్నాడు. వచ్చే భాగం వాళ్లది.

ఈలోగా పాఠకులకు ఒక మనవి. అరవైలు, డెబ్బైల్లో మన పట్టణాల్లోనూ టికెట్ పెట్టి కుస్తీ పోటీలు జరిగాయి. మీ ఇంట్లో తాతగారి ట్రంకుపెట్టెలో అలాంటి పోటీ కరపత్రమో, సగం చిరిగిన టికెట్టో ఉంటే దాని మీద అచ్చేసిన ధర ఎంతో చూసి మాకు రాయండి. పేర్లు చాలామందికి గుర్తున్నాయి. నాకు కావలసింది ఆ ధర.